తరగతంతా నవ్వినప్పుడు

బడులు తెరిచిన తొలి వారంలోనే చాలామంది పిల్లలకు రెండో నామకరణం జరిగిపోతుంది. కళ్లద్దాలుంటే సోడాబుడ్డి, ఒళ్లు చేస్తే బోండాం, మాట తడబడితే నత్తోడు. ఒంటి రంగును బట్టి పెట్టే పేర్లయితే ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఇంట్లోవాళ్లు నక్షత్రం చూసి, నలుగురినీ అడిగి పెట్టుకున్న పేరు హాజరుపట్టీకే పరిమితమవుతుంది. బిడ్డ ఇంటికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే 'పిల్లలన్నాక ఆ మాత్రం ఉండదా' అని పెద్దలు తేల్చేస్తారు. నిజమే, ఉంటుంది. ఈ రోజు వాణ్ని వీడంటాడు, రేపు వీణ్ని వాడంటాడు, ఎల్లుండి ఇద్దరూ ఒకే జామకాయ కొరుక్కుంటారు. దానికి పెద్దల పంచాయితీ అక్కర్లేదు. కానీ అనేవాళ్లు ఎప్పుడూ వాళ్లే, పడేవాడు ఎప్పుడూ వీడే అయినప్పుడు, తిరిగి అనే సత్తువ వీడికి లేనప్పుడు, దాన్ని ఆటపట్టించడం అనలేం.

ఈ తేడాను శాస్త్రీయంగా పట్టి చూపినవాడు నార్వేలో స్థిరపడిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వియస్. 1982 చివర్లో ఉత్తర నార్వేలో ముగ్గురు బడిపిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటి విద్యార్థుల వేధింపే అందుకు కారణమై ఉండొచ్చన్న వార్త ఆ దేశాన్ని కుదిపేసింది. మరుసటి ఏడే అక్కడి ప్రభుత్వం బడులన్నింటా వేధింపుల నిరోధానికి పూనుకుంది. కొన్నేళ్ల తర్వాత పొరుగున ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో సంగతి మీద దృష్టి పెట్టారు. వేధించేవాణ్నీ, బాధపడేవాణ్నీ అందరూ చూస్తున్నారు సరే, చుట్టూ ఉన్న మిగతా పిల్లలు అప్పుడేం చేస్తున్నారు? కొందరు నవ్వుతారు, కొందరు ఎగదోస్తారు, ఎక్కువమంది తలదించుకుని పుస్తకంలోకి చూస్తారు. లోలోపల వాళ్లకూ అది నచ్చదు. కానీ ఆ నవ్వూ, ఆ మౌనమూ చాలు, వేధించేవాడు హీరో అయిపోతాడు. అందుకే ఆ పరిశోధకులు రూపొందించిన 'కివా' కార్యక్రమం చూస్తూ ఊరుకునే పిల్లలకు కూడా పక్కవాడి తరఫున నిలబడటం నేర్పుతుంది. 2009 నుంచి ఫిన్లాండ్ బడుల్లో అది విస్తృతంగా నడిచింది.

మన తరగతి గదుల్లో ఈ నవ్వు ఎక్కడ మొదలవుతుందో చూస్తే కాస్త సిగ్గుపడాలి. చాలాసార్లు అది బల్ల దగ్గర కాదు, బోర్డు దగ్గరే మొదలవుతుంది. 'ఏరా బోండాం, లేచి చదువు' అని మాస్టారు ముద్దుగానే అంటారు. ఆయనకు అది గంటసేపటి సరదా. ఆ పిల్లాడికి పదో తరగతి దాకా అదే పేరు. సార్ అన్న మాటను మేమంటే తప్పేమిటన్నది మిగతావాళ్ల ధీమా. ఫీజు కట్టలేదని బయట నిలబెట్టిన పిల్లను కిటికీలోంచి తరగతంతా చూస్తుంది. మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చిన పిల్లాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర పాత స్నేహితుల పక్కన కూర్చోలేడు. ఏ పిల్లాడూ ఎవర్నీ పల్లెత్తు మాట అనకపోయినా, ఎవరిని చిన్నచూపు చూడవచ్చో బడి పద్ధతే నేర్పేస్తోంది. ఈ విషయంలో పేరున్న ప్రైవేటు బడులకు సర్కారు బడులు తీసిపోతాయనుకోనక్కర్లేదు, సర్కారు బడులకు అవీ తీసిపోవు.

ఇక ఇంటిపేరు అడిగి, ఊళ్లో ఏ వీధి అని అడిగి, అంతటితో కులం అర్థం చేసుకునే విద్య మన పిల్లలకు ఎవరు నేర్పారో వేరే చెప్పాలా? సాతారా బడిలో బాలుడు అంబేడ్కర్ తన కోసం వేరేగా గోనెపట్టా మోసుకెళ్లి దాని మీద కూర్చునేవాడు. కుళాయి తిప్పడానికి ప్యూన్ లేని రోజున ఆయనకు మంచినీళ్లు లేవు. ఆ గోనెపట్టా పోయింది. 'హాస్టలోళ్లు' అని ఒక బెంచీని ఖాళీగా వదిలేయడం ఇంకా పోలేదు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి నగరం బడిలో చేరిన పిల్ల నోరు విప్పగానే యాస విని కిసుక్కున నవ్వడమూ పోలేదు. ఆ పిల్ల నెల తిరక్కుండానే మాట్లాడటం తగ్గిస్తుంది. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం 'నెమ్మదస్తురాలు' అని పడుతుంది.

గురుకులాల గురించి ప్రత్యేకంగా తలచుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అయిదో తరగతిలోనే పిల్లలు వాటిలో చేరతారు. పదేళ్ల వయసు, ఒక ట్రంకు పెట్టె, కొత్త డార్మిటరీ. పెద్ద తరగతివాళ్లు సబ్బు లాక్కున్నా, అమ్మ పంపిన జంతికలు పంచేసుకున్నా, బట్టలు ఉతికించుకున్నా సాయంత్రం వెళ్లి చెప్పుకోవడానికి ఇల్లు పక్కన లేదు. పగటి బడి పిల్లకు నాలుగున్నరకు దొరికే విడుదల వీళ్లకు సెలవులకుగానీ దొరకదు. అక్కడ వార్డెన్ తనిఖీ కంటే, రాత్రిపూట పిల్లల మధ్య కాసేపు కూర్చుని మాట వినే పెద్దమనిషి ఎక్కువ అవసరం.

చట్టం లేదని కాదు. విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. బలహీన వర్గాల పిల్లలు వివక్షకు గురికాకుండా చూడాల్సిన పూచీ ప్రభుత్వానిదేనని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. వేధింపుల నిరోధానికి కమిటీలు వేసుకోవాలని సీబీఎస్ఈ 2015లోనే తన బడులకు సూచించింది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుంది. ఇన్ని ఉన్నా, వేధింపుకు గురైన పిల్లాడికి ముందు తెలియాల్సింది తాను ఎవరికి చెప్పాలన్నది. ఆ ఒక్కటీ చాలా బడుల్లో గోడ మీద కనిపించదు. చెబితే 'నువ్వేం చేశావు' అన్న ప్రశ్న ఎదురవుతుందని మాత్రం వాడికి బాగా తెలుసు.

పిల్లలు బడినుంచి రాగానే ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగే తల్లిదండ్రులు కొందరైనా ఉన్నారు. ఈ రోజు నువ్వెవర్ని చూసి నవ్వావు అని అడిగేవాళ్లే కరువు. కోపంగా కాకుండా, అన్నం పెడుతూ అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోవచ్చు, మర్నాడు మళ్లీ అడగండి. ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు ర్యాంకుల సంగతి కాసేపు పక్కనబెట్టి, ఏడిపిస్తున్నారని ఓ పిల్లాడు చెప్పుకోవాలంటే ఈ బడిలో ఎవరి దగ్గరికి వెళ్లాలో హెడ్మాస్టరును అడగండి. ఆ టీచరు పేరు నోటీసు బోర్డు మీద పెట్టించండి.