లెక్క యెవరిది? నిర్ణయ మెవరిది?

గుత్తికిని తాడిపత్రికిని నడుమ నున్న మా యాడికి ప్రాంతమున, జూన్, జూలై మాసములు వచ్చినవనగా ప్రతి మెట్టరైతును ఒక వ్యాపారనిర్ణయము చేయవలసియున్నాడు. దానిని వ్యాపారనిర్ణయ మని యెవరును పిలువరు. తొలిజల్లు పడినది, దుక్కి సిద్ధముగ నున్నది, విత్తనపుకాయ యింటనున్నది, లేదా అప్పుమీద తేవలసియున్నది. నేడే విత్తవలెనా, మఱియొక వానకై వేచియుండవలెనా? విత్తిన పిమ్మట ఇరువది దినములు మబ్బు మొగము చాటుచేసెనా, విత్తనమునకు పెట్టిన సొమ్ము మట్టిపాలు. వేచియుండగా పదునారిపోయెనా, ఆ యేడు చేను బీడు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ జిల్లాలో ఒక కుటుంబముయొక్క సంవత్సరపు జీవనము ఆ యొక్క ఉదయపు నిశ్చయముపై నాధారపడియున్నది. ఆ నిశ్చయమున అతనికి తోడుపడు సాధనములేవి? ఆకాశము, పొరుగువాని గొఱ్ఱు, తండ్రి చెప్పిపోయిన కార్తెలు.

ఇదే మండలమున సున్నపురాతిని నమ్ముకొని వెలసిన సిమెంటు కర్మాగారపు సంగతి చూడుడు. కొలిమిలో వేడి యెంత, బొగ్గునిలువ ఎన్నిదినములకు చాలును, ఏ పట్టణమున బస్తా యేమి పలుకుచున్నది అను వివరములన్నియు అధికారియొక్క బల్లమీది తెరపై వేళవేళకు కానవచ్చును. అతడు గాలిలో బాణము వేయడు. లెక్క చూచి యుత్తరువిచ్చును. ఈ యేర్పాటునకు నేటివారు సమాచారవ్యవస్థ యని పేరిడిరి. పేరు క్రొత్తదేగాని పని ప్రాతదే. బట్టపై బొగ్గును ఆకుపసరును పూసి నలుపెక్కించి, బలపముతో వ్రాసికొన్న కడితముల కాలమునుండియు మన వర్తకు లీ విద్య నెరుగుదురు. నేడేమి జరిగినదో చిట్టా చెప్పును. ఎవరియొద్ద ఎంత నిలిచినదో ఆవర్జా చెప్పును. రెంటిని ముందు పెట్టుకొని, ఎవనికి ఇంకను అరువీయవచ్చునో, ఏ సరకు ఇక తెప్పింపరాదో వర్తకుడు నిశ్చయించుకొనును. కంప్యూటరు వచ్చి ఈ మూడుపనుల వేగమును పెంచినదేగాని నాలుగవదానిని కల్పింపలేదు.

కంప్యూటరును తొట్టతొలుత వ్యాపారమునకు వినియోగించినవారు ఒక టీదుకాణముల కంపెనీవారని చెప్పిన పాఠకులు నవ్వవచ్చును. ఇంగ్లండులోని లయన్స్ కంపెనీకి రెండువందలకు పైగా టీదుకాణము లుండెడివి. రొట్టె యొకటికి, బన్ను యొకటికి వచ్చు లాభము పైసలలో మాట. ఏది గిట్టుచున్నదో ఏది గిట్టుట లేదో తెలియకున్న లక్షలు కరగిపోవును. వారు లియో అను కంప్యూటరును తామే నిర్మించుకొని, 1951 నవంబరులో తమ రొట్టెల లెక్కను దానికొప్పగించిరి. తరువాత దుకాణములనుండి మరునాటికి కావలసిన సరకును టెలిఫోనుమీద తెలిసికొని ఆ లెక్కయు దానిచేతనే కట్టించిరి. ఇచ్చట నాకు ముఖ్యముగ తోచునది యంత్రము కాదు. తాము వేయవలసిన ప్రశ్న యేదో వారికి ముందుగా తెలిసియుండెను. జవాబు తెల్లవారులోగా, సరకు బండి కదలకమునుపు, కావలసినవాని చేతి కందెను. ఆలసించి వచ్చిన జవాబు చరిత్రకు పనికివచ్చును గాని వ్యాపారమునకు పనికిరాదు.

లెక్క యెంత నిష్కర్షగా నున్నను, నిర్ణయించువాడు దానిని లక్ష్యపెట్టనిచో నేమగునో మన దత్తమండలముల చరిత్రయే చెప్పుచున్నది. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేయగా, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురమున మకాముండి, 1802 మొదలు చేనుచేనును కొలిపించెను. గొలుసు 33 అడుగులు. అట్టి నలువది చదరపు గొలుసు లొక ఎకరము. నేల తరగతి, నీటి వసతి, రైతు శక్తి, సర్వమును కాగితమున కెక్కెను. పరదేశపు కంపెనీ శిస్తు రాబట్టుకొనుటకు పుట్టిన లెక్క యది. అందు సందేహము లేదు. అయినను ఆ లెక్కయే మన్రోచేత నిజము పలికించినది. 1807 ఆగస్టు 15వ తేదీ నివేదికలో శిస్తును నూటికి 25 వంతులు తగ్గింపవలెనని అతడు వ్రాసెను. లెక్క మద్రాసు చేరెను; నిర్ణయము మాత్రము వేఱుదారి పట్టెను. రయిత్వారీని తొలగించి, గ్రామములకు గ్రామములనే మొదట మూడేండ్లకును పిదప పదియేండ్లకును గుత్తకిచ్చిరి. గుత్తలు తీసికొన్నవా రనేకులు చెడిరి, రైతులును చెడిరి. 1820లో మన్రోయే గవర్నరై వచ్చినపిమ్మటగాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. పదుమూడేండ్లు ఒక సత్యము దస్త్రములలో మూలిగినది. ఆ మూల్యమును చెల్లించినవారు దస్త్రమును ఎన్నడును చూచినవారు కారు.

ఆ పిమ్మటను ఊరి లెక్క ఊరివానిది కాలేదు. కవిలెకట్ట కరణముగారిది. 1984లో కరణీకము రద్దయినది. నేడు అడంగలు ఫోనులోనే కానవచ్చుచున్నది; ఒక నకలుకొరకు పూర్వులు ఎన్ని పర్యాయములు గడప త్రొక్కిరో పెద్దలనోట విన్నవారి కిది చిన్న లాభము కాదు. కాని అడంగలు నీ భూమి నీదే యని చెప్పును. ఆ భూమిలో నేడేమి చేయవలెనో చెప్పదు.

ఇచ్చట నా వృత్తిధర్మమునుబట్టి ఒక్కమాట. అప్పుదావాలలో వాదిపక్షమున చిట్టా, ఆవర్జాలు వచ్చును. ప్రతివాదియగు రైతుపక్షమున జ్ఞాపకశక్తి వచ్చును. క్రమముగా వ్రాయబడిన ఖాతాలు సాక్ష్యమునకు పనికివచ్చును గాని, కేవలము వానిని బట్టియే ఒకనిపై బాధ్యత మోపరాదని 1872నాటి సాక్ష్యశాసనపు 34వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్తచట్టపు 28వ సెక్షనును, కంప్యూటరులోని ఖాతాలను గూడ చేర్చి, అదే చెప్పుచున్నది. చట్టము రైతునకు ఇంత రక్ష నిచ్చినది. కాని ఎదుటివాని లెక్కను ఖండించుటకు తనకొక లెక్క లేనివానిని చట్టము ఎంతదూరము మోయగలదు? "ఎంత తెచ్చితివి, ఎంత తీర్చితివి?" అని నా కక్షిదారుల నడుగగా, పది మందిలో తొమ్మండుగురు ఆకాశమువంక చూతురు. వాన కొరకు చూచిన చూపే అది.

మా యాడికి నేతగాండ్ర స్థితియు నిట్టిదే. ఏ రంగు చీర ధర్మవరములో చెల్లుచున్నదో, ఏ అంచు మూలబడినదో, పట్టును జరీని అరువిచ్చు యజమాని యెరుగును. మగ్గముమీది వానికి పడుగు చుట్టుటయే తెలియును. ఆ చీరకు ధర యెట్లు ఏర్పడినదో తెలియదు.

ఇన్ని చెప్పి, మంచిజాడ యొకటి చెప్పకుండుట న్యాయము కాదు. 2016లో మన పొరుగుననే, కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వారును మైక్రోసాఫ్టు కంపెనీవారును రాష్ట్రప్రభుత్వముతో గూడి ఒక ప్రయోగము చేసిరి. 1986 మొదలు 2015 వరకు ముప్పదియేండ్ల వానలెక్కను శోధించి, నేలలో చాలినంత పదునెప్పుడు నిలుచునో గణించి, 175 మంది వేరుసెనగ రైతులకు సామాన్యమైన ఫోనులకే తెలుగులో సందేశములు పంపిరి. జూన్ తొలివారముననే విత్తు అలవాటుగల రైతులను, మాసాంతము సమీపించువరకు ఆగుడనిరి. ఆగినవారికి హెక్టారుకు నూటికి 30 వంతులు అధికముగ పండినదని నిర్వాహకులు ప్రకటించిరి. ఒక్క సంవత్సరపు 175 మంది ఫలితమును చూచి శంఖ మూదుటకు నేను సాహసింపను. వానకాలము ఏటేట ఒకే తీరున నడువదు. అయినను ఈ పని యోగ్యమైనది. రైతు వేయు ప్రశ్నకే జవాబు దొరికినది. అతని భాషలో, అతని చేతిలోనికి, విత్తుటకు ముందే దొరికినది.

దీనికి భిన్నమైన మార్గము వాతావరణబీమాది. 2003లో మహబూబునగరు జిల్లాలో బేసిక్స్ సంస్థ ద్వారమున, మన దేశమున తొలిసారిగ, వర్షమాపకమునుబట్టి పరిహారమిచ్చు బీమాను రైతుల కమ్మిరి. ఎండినపంటను వచ్చి చూడనక్కఱలేదు. కొలత తక్కువైనచో సొమ్ము వచ్చును. ఊహ చక్కనిదే, తగవులు తగ్గును, జాప్యము తగ్గును. కాని మన సీమలో వాన ఎద్దు ఒకకొమ్ము తడిపి రెండవకొమ్మును విడిచిపెట్టునని రైతు లనుకొందురు. మాపకమున్న చోట కురిసి, రెండుక్రోసుల దూరమున నున్న చేనిలో కురియనిచో, కాగితమున తడిసిన చేను కంటికి ఎండియే యుండును. అంకె అబద్ధము కాదు. అది మఱియొకరి చేనియొక్క నిజము.

ఇక అసలు సంగతి. 2019 అక్టోబరు 2 మొదలు మన గ్రామములలో సచివాలయములు వెలసినవి. ప్రతి పంటకాలమునను ఉద్యోగి చేనికి వచ్చి, సర్వే నంబరును, పంటపేరును, ఛాయాపటమును తన ఫోనులో నెక్కించుచున్నాడు. దీనిని ఈ-క్రాప్ అందురు. రైతు ఎండలో నిలిచి ఆ వివరము లిచ్చుచున్నాడు. బీమాకును, కొనుగోళ్లకును, నష్టపరిహారమునకును అది ఆధారము గనుక ఇచ్చితీరవలయును. జాబితాను ప్రదర్శించుటయు కలదు. అందు తన పేరున్నదో లేదో చూచుకొని రైతు ఇంటికి పోవును. కాని ఆ లెక్కలన్నియు కూడినపుడు పుట్టు గొప్ప సమాచార మొకటి కలదు: ఈ యేడు ఏ పంట ఎన్ని ఎకరములలో పడినది యనునది. వ్యాపారమున అంతకు మించిన రహస్య మేమున్నది?

టమాటనే తీసికొనుడు. పోయినసారి ధర చూచి ప్రతివాడును టమాట నాటును. అందరును నాటిరని యెవనికిని తెలియదు. బుట్టలు మార్కెట్టునకు చేరిననాడు తెలియును. 1827లో ఇదే సీమలో సంచరించుచు కలరా తగిలి మన్రో కన్నుమూసిన పత్తికొండ యున్నదే, ఆ పత్తికొండ మార్కెట్టులో కిలో రూపాయికి దిగజారి, రైతులు పండ్లను దారిపై పారబోసిన వార్తలను మనము పలుమారులు చదివితిమి. నాటిన ఎకరముల లెక్క సర్కారువారియొద్ద నెలల ముందే చేరుచున్నపుడు, దానిని కూడి, ఈ మండలమున ఇంత, ఈ జిల్లాలో ఇంత, నిరుటికన్న ఇంత అధికమని పక్షమున కొకసారి చాటుటకు అడ్డమేమి? అది తెలిసినవాడు సగముచేనిలో కందియో అలసందయో వేసికొనడా?

ఎకరముల లెక్క బయటపడినచో దళారులు ధర తగ్గింతురని యొక యాక్షేపణ విన్నాను. దళారికి ఊరూర మనుషులున్నారు, ఫోనులున్నవి. అతడు చేలగట్లను చూచి యెప్పుడో లెక్క కట్టుకొనియున్నాడు. దాచుటవలన అజ్ఞానములో నుండువాడు అమ్మువాడొక్కడే. చదువురానివారికి ప్రకటన లేల యను రెండవ యాక్షేపణకు పఠనమందిరములవారే జవాబు చెప్పవలెను. పత్రికను పదిమందికి చదివి వినిపించుట మన ఊళ్లకు క్రొత్త కాదు.

కావున యాడికి మండలపు సచివాలయముల నధికారులను మేము కోరున దొక్కటే. రాబోవు ఖరీఫునకు ముందే, ప్రతి సచివాలయపు వాకిట ఒక నల్లబల్ల నిలుపుడు. సమీపపు మాపకమున ఈ వారము పడిన వాన యెంత, ఈ మండలమునను జిల్లాలోను ఏ పంట ఎన్ని ఎకరములు నమోదైనది, నిన్నటిదినమున ఆదోని వేరుసెనగ ధరయు మదనపల్లె టమాట ధరయు ఎంత యనునవి, ఈ మూడింటిని శనివారము శనివారము దానిపై వ్రాయుడు. క్రొత్త యంత్రము వలదు, క్రొత్త ఉద్యోగియు వలదు. ఫోనులో నున్న యంకెను బల్లమీద కెక్కించు సుద్దముక్క చాలును. అధికారులు కాదన్నచో, దొరకిన మేరకు ఆ యంకెలను మా పఠనమందిరపు గోడమీద మేమే వ్రాయుదుము; రెండవ వారమునుండి వంతులకు ఇద్దరు యువకులు ఒప్పుకొనియున్నారు. ఆ గోడక్రిందనే, తమ తెచ్చినదియు తీర్చినదియు వ్రాసికొనుటకు కావలయునన్న రైతులకు, చిట్టాపుస్తకములు వెలకు పడినంతకే దొరకును.