నటుని చూపు ఎటు?

లింగంపల్లి అనగానే ఈ రోజుల్లో కంప్యూటరు ఉద్యోగస్థులే గుర్తుకొస్తారు. అయితే ఆ ప్రాంతంలోనే సురభి కాలనీ ఉంది. నాటకమే బ్రతుకుగా గల కుటుంబాలు అక్కడ నివసిస్తున్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సమాజం వారిది. ఆడవేషాలు మగవారే కట్టే కాలంలో తమ ఇంటి స్త్రీలను రంగస్థలం ఎక్కించారు. ఎన్ని మాటలు పడ్డారో! 2013లో వారిలో ఒకరైన రేకందార్ నాగేశ్వరరావు గారికి పద్మశ్రీ లభించింది.

వారి 'మాయాబజార్' చూసినవారు నారదుడు ఆకాశం నుండి దిగడం గురించే చెబుతారు. మేమూ మొదట ఆ తీగలనే వెతికాము. కాని వ్రేలాడుతున్న మనిషి తీగ వైపు చూడడు, క్రింద నేల వైపూ చూడడు. మేఘాల మీద నడిచేవాని ముఖమే పెట్టుకొని ఉంటాడు. నటన అక్కడున్నది.

1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమాలో సావిత్రి గారికి ఏ తీగా లేదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడుగా ఆమె ఒక్క ముఖంతోనే ఇద్దరిని చూపాలి. పదిమంది చూస్తుంటే సిగ్గుతో వాలిన కన్నులు, వారు అటు తిరగగానే రాక్షసుని కన్నులవుతాయి. పెళ్లిపీటల మీద రేలంగి గారి కాలు తొక్కుతూ కూడా ఏమీ ఎరుగని పెళ్లికూతురే! ఎస్వీ రంగారావు గారి ఠీవి ఆ పట్టుచీరలో ఎలా ఇమిడిందో, ఎన్నిసార్లు చూసినా మాకు ఆశ్చర్యమే.

ఈసారి మీ సంఘంలో క్రిస్మసు నాటిక వేసినప్పుడు గొల్లవాని వేషంలో ఉన్న పిల్లవాని కన్నులు గమనించండి. నక్షత్రాన్ని చూస్తున్నాడా, జనంలో కూర్చున్న వాళ్ల అమ్మను చూస్తున్నాడా?