గ్యాసు గొట్టము పరీక్షింప వచ్చువారు



ఈ మాసమున మేము వంటయింటి యందలి యొక చిన్న వస్తువును గూర్చి ముచ్చటింప దలచితిమి. అది గ్యాసు బండకును పొయ్యికిని నడుమ నుండు రబ్బరు గొట్టము. దాని వెల స్వల్పమే. కాని దాని పేరు చెప్పి, గృహిణులను భయపెట్టి, సొమ్ము గుంజుకొని పోవువారు కొందరు ఇల్లిల్లు తిరుగుచున్నారు.

మా వీథిలో జరిగిన సంగతి యొకటి వినుడు. పగలు పదకొండు గంటల వేళ మా పొరుగింటికి ఇద్దరు యువకులు వచ్చిరి. అప్పటికి ఆ యింటి కొడుకు, కోడలు ఉద్యోగములకును, పిల్లలు బడికిని వెడలిపోయిరి. ఇంట మామ్మగారొక్కరే యుండిరి. వచ్చినవారి మెడలలో ఫోటోతో గూడిన గుర్తింపు చీటీలు, చేత రసీదు పుస్తకము, భుజమున నొక సంచి. “మామ్మగారూ! మేము గ్యాసు కంపెనీ వారము. ప్రభుత్వపు ఉత్తరువు మీద ప్రతి యింటను పరీక్ష చేయుచున్నాము” అనుచు తిన్నగా వంటయింటిలోనికి నడచిరి. ఒకడు గొట్టమును వంచి చూచి, “అయ్యో! ఇది పగిలిపోయినది. నేడో రేపో ఇల్లు అంటుకొనును” అనెను. మామ్మగారు నోరు విప్పులోపలనే రెండవవాడు కత్తితో దానిని రెండు ముక్కలు చేసెను. ఇక మధ్యాహ్నము వంట యెట్లు? వారే సంచిలో నుండి క్రొత్త గొట్టము తీసి తగిలించి, గ్యాసు పొదుపగునని చెప్పి యొక జల్లెడ బిళ్లను పొయ్యిపై నుంచి, 1,650 రూపాయలు పుచ్చుకొని పోయిరి.

సాయంకాలము మేము పోయి చూచితిమి. ఆ క్రొత్త గొట్టము మీద ముద్ర లేదు. తయారైన సంవత్సరము లేదు. కోసి పారవైచిన పాత గొట్టము మీద మాత్రము రెండేండ్ల క్రిందటి సంవత్సరము స్పష్టముగా నుండెను. మంచిదానిని కోసి, ఊరు పేరు లేనిదానిని పెట్టిపోయిరి. పోయిన సొమ్ముకంటె నిదియే మమ్ము కలవరపెట్టినది.

మామ్మగారు అమాయకురాలు కారు. పాలవాని లెక్కలో ఒక్క రూపాయి తేడా వచ్చినను ఊరకుండరు. అట్టివారు మోసపోవుట కేమి కారణము? భయమే. ‘ఇల్లు కాలును’ అన్న మాట చెవిని బడిన పిదప బేరమాడుటకు గాని, విచారించుటకు గాని ఎవరికి మనసు వచ్చును? ఆ మోసగాండ్ర మాటలో కొంత నిజము కూడ కలదు. గ్యాసు కనెక్షను గల ప్రతి యింటను 5 సంవత్సరముల కొకసారి ఏజెన్సీ వారి మెకానిక్కు వచ్చి పరీక్షింపవలెనను నియమమున్నది. నిజము కొంత తోడైనప్పుడే గదా అబద్ధము చెల్లుబడి యగును!

కావున మేము చెప్పునది యొక్కటే. పిలువకయే వచ్చి, తప్పును తానే కనిపెట్టి, దానికి మందును తన సంచిలో నుండియే తీసి అమ్మజూపు వానిని నమ్మరాదు. అట్టివానిని గడప వెలుపలనే నిలిపి, మీ గ్యాసు పుస్తకము మీదనో రసీదు మీదనో ఉన్న ఏజెన్సీ నంబరునకు ఫోను చేయుడు. అతడిచ్చిన నంబరునకు చేయవలదు. ఏజెన్సీ పంపిన మనిషి యైనచో ఆ నాలుగు నిమిషములు నిలుచుటకు నొచ్చుకొనడు. తొందరపెట్టినను, ‘కనెక్షను తీసివేయుదు’ మని బెదిరించినను సంగతి బోధపడినట్లే.

ఇంకను కొన్ని యెరుక గలిగి యుండుట మేలు. కంపెనీల వారిచ్చు నారింజ రంగు ‘సురక్ష’ గొట్టము మీద ఐ.ఎస్.ఐ. ముద్రయు, తయారైన సంవత్సరమును ఉండును. దానిని 5 సంవత్సరముల కొకసారి మార్చవలెను. పొడవు ఒకటిన్నర మీటరునకు మించరాదు. నడుమ అతుకు ఉండరాదు. రెగ్యులేటరు చెడినచో ఏజెన్సీకే కొనిపోవలెను గాని ద్వారము కడకు వచ్చినవాని వద్ద కొనరాదు. కంపెనీలు సమ్మతింపని ఏ పరికరమును బండకు గాని గొట్టమునకు గాని తగిలింపరాదు. నిండు బండ ఇంటికి వచ్చినప్పుడు చెప్పవలసిన కోడు నంబరును పరీక్షకని వచ్చినవానికి చెప్పనే కూడదు.

గ్యాసు కారుచున్నదేమో యని సందేహము కలిగినచో సబ్బు నురుగు పూసి చూడుడు. బుడగలు లేచినచో కారుచున్నట్లు. అగ్గిపుల్ల వెలిగించి చూచుట ప్రాణాపాయము. ఆ గ్యాసునకు స్వతస్సిద్ధముగా వాసన లేదు. మనకు తెలియుటకై దానిలో ఆ దుర్వాసన కలుపుదురు. అది గాలికంటె బరువైనది గనుక నేలబారున నిలుచును. వాసన వచ్చినంతనే రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు కిటికీలు తెరచి, విద్యుత్తు స్విచ్చులు ముట్టక వెలుపలికి వచ్చి 1906 నంబరునకు ఫోను చేయవలెను. 2016వ సంవత్సరము జనవరి 1వ తేదీన ప్రారంభమైన ఈ సహాయము రేయింబవళ్లు లభించును. మోసపోయినవారు సిగ్గుపడి దాచుకొనక, ఏజెన్సీకిని పోలీసు వారికిని తెలుపుట పొరుగువారికి మేలు.

తుదకు మామ్మగారి సంగతి. మరునాడే వారి కుమారుడు ఏజెన్సీ నుండి సరియైన గొట్టము తెచ్చి పెట్టించెను. కాని మూడు నెలల పిదప ఏజెన్సీ వారి మెకానిక్కు నిజముగనే పరీక్షకై వచ్చినప్పుడు మామ్మగారు తలుపు తీయలేదు! మోసగాండ్రు చేసిన రెండవ హాని యిది. దొంగకు భయపడి వైద్యుని కూడ వెళ్లగొట్టినట్లయినది. మేమే పోయి, ఏజెన్సీకి ఫోను చేసి, వచ్చినవాడు వారి మనిషియే యని రూఢి చేసికొని, మామ్మగారి చేత తలుపు తీయించితిమి. అతడు బండ నోటి లోపలి చిన్న రబ్బరు చుట్టు అరిగినదని చూపి మార్చి పోయెను. ఆనాడు తలుపు తెరువకున్నచో ఏమై యుండునో!

సోదరీమణులారా! ఈ పుట ముగించి వంటయింటిలోనికి పోయినంతనే మీ గొట్టము మీది సంవత్సరమును చూచి, గోడ మీది క్యాలెండరుపై వ్రాసి యుంచుడు. ఏజెన్సీ నంబరును, 1906ను దాని ప్రక్కనే వ్రాయుడు. చదువు రాని పెద్దలు ఇంట నున్నచో ఈ సంగతులు వారికి చదివి వినిపింపుడు. మన వంటయింటి వస్తువులను మనమే యెరిగియున్న నాడు పరుని మాటకు మనకు గుండె జారదు.