కరెంటు పోయినా మన ఇంటి మరుగుదొడ్డి ఆగకూడదు

పై వీడియోలో రెండు గుంటల మరుగుదొడ్డి ఎలా కట్టాలో చూశారు కదా. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు ఇది ఎందుకు కావాలి అనే మాట ఇక్కడ రాస్తున్నాను.

ఎరువు కోసం బజారుకు పోకూడదనుకున్నాం, మానేశాం. పురుగుమందు మానేశాం. విత్తనం ఇంట్లోనే దాచుకుంటున్నాం. కానీ పొద్దున్నే లేచి మరుగుదొడ్డికి వెళ్లాలంటే మాత్రం మనకు కరెంటు ఉండాల్సిందే! బోరులో నీళ్లుంటాయి, మోటారు తిరగదు. మోటారు తిరగకపోతే మిద్దె మీద ట్యాంకు నిండదు. ట్యాంకు నిండకపోతే కుళాయి రాదు. పొలంలో ఎవరి మీదా ఆధారపడనివాళ్లం ఇంట్లో ఒక తీగ మీద ఆధారపడి బతుకుతున్నాం.

గంట, రెండు గంటల కోత అయితే ఎవరైనా సర్దుకుంటారు. తుఫాను సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ అంత నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అపార్టుమెంట్లలో పై అంతస్తులకు నీళ్లు ఎక్కలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. చాలా ఊళ్లలో జనరేటర్లు తెచ్చి మోటార్లు నడిపితే గానీ నీళ్లు దొరకలేదు.

అలాంటప్పుడు ఎక్కువ బాధ పడేది ఎవరు? మగవాళ్లు చేను గట్టుకు పోతారు. ఇంట్లో ఆడవాళ్లు, కాలు కదపలేని ముసలివాళ్లు, నెలలు నిండిన కోడళ్లు ఎక్కడికి పోవాలి? చీకటి పడేదాకా ఆపుకుంటారు. వెళ్లాల్సి వస్తుందేమోనని మంచినీళ్లు తాగడం తగ్గిస్తారు. అందుకే ఇది ఆరోగ్యం సంగతి, ఇంట్లోవాళ్ల మర్యాద సంగతి అంటున్నాను.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మరుగుదొడ్డికి కరెంటు అక్కర్లేదు, నీళ్లే కావాలి. బేసిన్ నుంచి సెప్టిక్ ట్యాంకుకో, గుంటకో మలం పోయేది వాలు వల్లే. అందుకని కుళాయి రాకపోయినా పని జరుగుతుంది. కమోడు ఉన్నవాళ్లు బకెట్‌తో 5, 6 లీటర్లు నేరుగా బేసిన్‌లోకే ఒక్క ఊపున పోయండి. కొంచెం కొంచెంగా పోస్తే నీళ్లు పోతాయి గానీ మలం కదలదు. బట్టలు జాడించిన నీళ్లు, స్నానం నీళ్లు ఇందుకు పట్టిపెట్టుకోవచ్చు. బియ్యం కడుగు ఎలాగూ కుడితిలోకే పోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఇంట్లో ఐదుగురు, ఒక్కొక్కరు రోజుకు ఐదుసార్లు వెళ్తారనుకుందాం. మొత్తం 25 సార్లు. ఫ్లష్ ట్యాంకు నొక్కితే సారికి 8 లీటర్ల చొప్పున రోజుకు 200 లీటర్లు పోతాయి. బాగా వాలుగా ఉండే గ్రామీణ బేసిన్ పెడితే చెంబుతో 2 లీటర్లు పోస్తే చాలు, రోజుకు 50 లీటర్లే. మనం జీవామృతం కలుపుకునే డ్రమ్ము 200 లీటర్లది కదా. అలాంటి ఒక్క డ్రమ్ము నీళ్లు ఫ్లష్ ఇంట్లో ఒక్కరోజుకు సరి. చెంబు ఇంట్లో నాలుగు రోజులు వస్తాయి. అయితే జీవామృతం డ్రమ్మునే వాడకండి, నీళ్లకు విడిగా ఒకటి పెట్టి మూత వేయండి. తాగే నీళ్లు, చేతులు కడుక్కునే నీళ్లు వేరుగా ఉండాలి. సబ్బుతో చేతులు కడగడం మాత్రం ఎంత కరువులోనూ మానకూడదు.

కొందరు ఇన్వర్టరు ఉంది కదా అంటారు. ఇళ్లలో లైట్లకు, ఫ్యాన్లకు పెట్టుకునే ఇన్వర్టరు బోరు మోటారును లాగలేదు. సోలార్ మంచిదే, నేను కాదనను. కానీ తుఫాను మబ్బుల్లో దాన్ని నమ్ముకుని కూర్చోలేం. నీళ్లు 150 అడుగుల లోపు అందే చోట చేతి బోరింగు ఒక్కటి బాగుచేసి ఉంచుకుంటే అంతకు మించిన భద్రత లేదు. మోటారు పెట్టుకున్నాక చాలా ఊళ్లలో బోరింగులు పీకేశారు. ఉన్న బోరింగును పీకనివ్వకండి, వాషర్లు మార్పించండి. అనంతపురం లాంటి చోట్ల నీళ్లు అంత పైన దొరకవు. అక్కడ మిద్దె మీద వాననీళ్లు పట్టే తొట్టి, తాడుతో చేదుకునే సంపు కావాలి.

ఇక గుంటల సంగతి. బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ సంస్థ పెట్టి దేశమంతా ప్రచారం చేసిన పద్ధతి ఇది. రెండు గుంటలు, ఒకదాన్నే వాడతాం. అది నిండాక రెండోదానికి తిప్పుతాం. నిండినదాన్ని రెండేళ్లు కదపకుండా వదిలేస్తే మలం పొడి ఎరువుగా మారుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంటలోకి దిగి ఆ ఎరువును తవ్వి తీశారు. అంత పెద్ద అధికారి చేయి పెట్టగా లేనిది, పేడ కలిపే చేతులున్న మనకెందుకు రోత?

జాగ్రత్తలు మాత్రం తప్పవు. గుంట బావికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. వానాకాలంలో నీళ్లు పైకి ఊరే కోనసీమ లాంటి నేలల్లో మామూలు గుంట పనికిరాదు, నేలమట్టం కంటే ఎత్తు లేపి కట్టాలి. పచ్చి మలాన్ని ఎప్పుడూ పొలంలో వేయకండి. మగ్గిన ఎరువునైనా కొబ్బరి, మామిడి, టేకు మొదళ్లకే వేయండి, ఆకుకూరల మళ్లకు వద్దు. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ముందుగా ఆ సంస్థను అడిగిన తర్వాతే వాడండి.

కొత్త ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ రెండు బాత్రూముల్లోనూ కమోడే పెడదామంటాడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కమోడు ఉండాల్సిందే. కానీ రెండోదాంట్లో చెంబుతో పోసే బేసిన్ పెట్టించండి. ఖర్చు పెరగదు సరికదా, తగ్గుతుంది.

తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. ఈలోగా ఒక్క ఆదివారం ఇంట్లో మెయిన్ ఆపేసి చూడండి. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంటిల్లిపాదికీ, ముఖ్యంగా అమ్మకూ నాన్నమ్మకూ, ఇబ్బంది లేకుండా గడిచిందా? గడవకపోతే ఏం తక్కువైందో ఆ రోజే తెలిసిపోతుంది. డ్రమ్మా, బోరింగా, బేసినా, ఏది తక్కువైతే అది ముందు సరిచేయండి.