కలరా వుండలు

కిందటి వారం మా యింట్లో పెళ్ళిప్రయాణం హడావిడి. మా ఆవిడ ట్రంకుపెట్టె తెరిచి పట్టుచీరెలు ఒక్కొక్కటే తీస్తోంది. మా చెల్లెలి కొడుకు, మూడేళ్ళవాడు, మడతలోంచి జారిన తెల్లటి వుండ చేతపట్టుకుని, "మావయ్యా, పిప్పరమెంటు!" అంటూ నోట్లో వేసుకోబోయాడు. మా ఆవిడ చెయ్యి ముందు పడింది గనక సరిపోయింది.

వాడి తప్పేముంది? పేరుపెట్టిన పెద్దలే పొరబడ్డారు. వీటిని మనం కలరా వుండలంటాం. కలరా వచ్చేది చెడిన నీళ్ళవల్లా, తిండివల్లా. ఈ వుండ దాన్ని ఆపేదీ లేదు, తగ్గించేదీ లేదు. ఘాటైన వాసనకి రోగం పారిపోతుందన్న నమ్మకమే ఆ పేరుకి మూలమై వుంటుంది. తెలుగు మేష్టర్ని గనక పేరు దగ్గర కాసేపు ఆగాను, మన్నించండి.

దీని అసలు పేరు నాఫ్తలీను. రాతిబొగ్గు తారులోంచి తీస్తారు. అందులో 10 కర్బన పరమాణువులు, 8 ఉదజని పరమాణువులు వున్నాయని 1826లో లెక్కతేల్చినవాడు మైకేల్ ఫారడే. కరక్కుండానే ఆవిరైపోవడం దీని గుణం. అందుకే నిరుడు వేసిన గోలీకాయంత వుండ ఈ యేటికి శనగగింజంత అవుతుంది. మూసిన పెట్టెలో ఆ ఆవిరి నిండి, వున్నినీ పట్టునీ కొరికే పురుగుల్ని చంపుతుంది. మూతలేని చోట వేస్తే పురుగు చావదు. మనకి తలనొప్పి మాత్రం వస్తుంది.

పురుగుని చంపేది పసివాడికి మంచిదెలా అవుతుంది? మింగితే నెత్తుటిలోని ఎర్రకణాలు చితికిపోతాయి. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువైన పిల్లలకి మరీ ప్రమాదం. అటువంటి పసికందుని ఈ వాసన పట్టిన గుడ్డల్లో చుట్టినా చాలు, కామెర్లు ముదరవచ్చు. ఆ లోటు ఎవరికుందో మొహం చూసి చెప్పలేం.

కనక పసిపిల్లల బట్టల్లో వీటిని వెయ్యనే వద్దు. మిగతా బట్టలు బాగా గాలికి ఆరవేసి కట్టుకోండి. పిల్లవాడు మింగితే, ఆడుకుంటున్నాడు కదా అని వూరుకోకండి. రక్తం దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజులు ఆగి బయటపడవచ్చు. వెంటనే పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

మా ఆవిడ వుండలన్నీ ఏరి, డబ్బాలో పెట్టి అటకెక్కించింది. నేను మేనల్లుడికి అసలైన పిప్పరమెంటు కొనిపెట్టాను. వాడు వాసన చూసి, "ఇది వుండ కాదు కదా, మావయ్యా?" అన్నాడు.

ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఇంత త్వరగా వంటబట్టించుకున్న శిష్యుణ్ణి చూడలేదు.