ఓసీఐ కార్డు: తరాల లెక్క సరే, తాతగారి కాగితం ఎక్కడ?

రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, చాంపియన్ రీఫ్స్ తెలుగు ఇళ్లలో ఈ మధ్య ఓసీఐ కార్డు మాట తరచు వినబడుతోంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మన పిల్లలు తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు పనికి పోయారు. వాళ్లలో కొందరు అక్కడినుంచి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా చేరి ఆ దేశాల పౌరులయ్యారు. ఇప్పుడు తమకూ, అక్కడ పుట్టిన పిల్లలకూ కార్డు కావాలని, తాతగారి కాగితాలు ఏవైనా ఉంటే పంపమని ఇంటికి ఫోన్ చేస్తున్నారు. ఇక్కడ వెదికితే రేషన్ కార్డు తప్ప ఇంకేమీ దొరకని ఇళ్లు చాలా ఉన్నాయి.

2025లో ఈ కార్డు గురించి మూడు ముఖ్యమైన వార్తలు వచ్చాయి. మార్చిలో ప్రధాని నరేంద్ర మోదీ మారిషస్‌లో, అక్కడి భారత సంతతివారికి ఏడో తరం వరకు కార్డు ఇస్తామన్నారు. జులైలో ట్రినిడాడ్ అండ్ టొబాగోలో ఆరో తరం వరకు ఇస్తామన్నారు. ఆగస్టులో కేంద్ర హోంశాఖ కార్డు రద్దు చేసే నిబంధనలను బిగించింది. ఒక చేత్తో తలుపు తెరుస్తూ, మరో చేత్తో గడియ బిగిస్తున్నారన్నమాట. అసలు ఈ కార్డు ఏమిటి, మనవంటి కార్మిక కుటుంబాలకు అది ఎంతవరకు అందుతుంది అన్నది చూద్దాం.

పౌరసత్వం కాదు

పేరులో 'సిటిజన్' అని ఉంది కాబట్టి ఇది ద్వంద్వ పౌరసత్వమని చాలామంది అనుకుంటున్నారు. కాదు. మన రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం ప్రకారం వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారికి భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు అంటే జీవితకాలపు వీసా, దానితోపాటు కొన్ని సౌకర్యాలు. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండవచ్చు, విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగనక్కరలేదు. ఉద్యోగం చేసుకోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు.

ఓటు మాత్రం లేదు. ప్రభుత్వ ఉద్యోగం లేదు. కాబట్టి పాస్‌పోర్టు మారినవారు భారత పాస్‌పోర్టు సరెండర్ చేయడమే కాదు, ఇక్కడి ఓటరు జాబితాలో పేరు కూడా తీయించుకోవాలి. ఈ రెండో పని చాలా ఇళ్లలో మరిచిపోతున్నారు. పరిశోధన, పత్రికా పని, మతప్రచారం వంటివాటికి కార్డు ఉన్నా ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. ముప్పై ఏళ్లు పనిచేసినా ఆ దేశాలు పౌరసత్వం ఇవ్వడం దాదాపు లేదు. వాళ్లు భారత పౌరులుగానే ఉంటారు. వాళ్లు ఎన్నారైలు, వాళ్లకు ఈ కార్డు అవసరమే లేదు. మూడు వేల రూపాయలిస్తే గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు కూడా కార్డు చేయిస్తామని చెప్పే దళారులుంటే, వాళ్లకు విషయం తెలియదు, లేదా తెలిసే మోసం చేస్తున్నారు.

పిల్లల చదువు విషయంలో 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ పెద్ద మార్పు తెచ్చింది. నీట్, జేఈఈ వంటి పరీక్షలు రాసినా ఓసీఐ విద్యార్థులకు ఎన్నారై కోటా సీట్లు మాత్రమే అని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఈ నియమం ఆ తేదీ తర్వాత కార్డు పొందినవారికే వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. అంటే ఇప్పుడు కార్డు తీసుకునే పిల్లలు రేపు కర్ణాటకలో మెడిసిన్ చదవాలంటే ఎన్నారై ఫీజులకు సిద్ధపడి రావాలి.

డబ్బున్న దేశాలకు ముందు

ఈ పథకం చరిత్ర చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. 1999లో మొదట పీఐఓ కార్డు పెట్టినప్పుడు దాని రుసుము వెయ్యి డాలర్లు. కాలిఫోర్నియా ఇంజనీరు ఇవ్వగలడు, మలేషియా తోటల్లో పనిచేసినవారి మనవడు ఎక్కడ ఇస్తాడు? 2002లో రుసుము తగ్గించారు. ఎల్.ఎం. సింఘ్వీ కమిటీ నివేదిక తర్వాత 2003లో చట్టం సవరించి విదేశీ భారత పౌరసత్వం అన్నారు. కానీ అది 16 దేశాలకే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, స్విట్జర్లాండ్ ఆ జాబితాలో ఉన్నాయి. మారిషస్, మలేషియా, ఫిజీ, దక్షిణాఫ్రికా, బర్మా లేవు. అంటే మన కూలీలు ఓడలెక్కి పోయిన దేశాలేవీ లేవు.

2005 సవరణతో ఆ జాబితా పోయింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ తప్ప అన్ని దేశాలవారికీ దారి తెరిచారు. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి కార్డులు అందించారు. 2015లో పీఐఓ కార్డును ఇందులో కలిపేసి, మునిమనవలను కూడా అర్హుల్లో చేర్చారు. ఇప్పటిదాకా జారీ అయిన కార్డులు 40 లక్షలు దాటాయి.

పర్యటనకో మినహాయింపు

మామూలు చట్టం ప్రకారం 1950 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ భారత పౌరులైనవారు, ఆనాటికి పౌరులయ్యే అర్హత ఉన్నవారు, వాళ్ల పిల్లలు, మనవలు, మునిమనవలు అర్హులు. నూటయాభై ఏళ్ల కింద వెళ్లిన కుటుంబాలకు ఇది చాలదు. అందుకే 2023లో సురినామ్‌కు నాలుగు తరాల నుంచి ఆరు తరాలకు పెంచారు. తర్వాత మారిషస్‌కు ఏడు, ట్రినిడాడ్‌కు ఆరు.

మారిషస్ మాట మనకు దగ్గరిది. కోరంగి, విశాఖ రేవుల నుంచి చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్ల సంతతి అక్కడ ఉంది. ఉగాది అక్కడ జాతీయ సెలవుదినం. ఏడో తరం పిల్లవాడు తన ముత్తాతల ఊరు చూడటానికి విదేశీయుడిలా వీసా కోసం నిలబడనక్కరలేకపోవడం సంతోషించవలసిన విషయమే.

కానీ ఈ మినహాయింపులు ఒక్కొక్క దేశానికి, ఒక్కొక్క పర్యటనలో ప్రకటిస్తున్నారు. ప్రధానో రాష్ట్రపతో వెళ్లిన దేశానికి ఆరు, ఇంకో దేశానికి ఏడు, మరోదానికి పాత లెక్కే. తరాలు పెంచుతూ పోతే బంధం పలచబడుతుందని, భద్రత కూడా చూడాలని ప్రభుత్వం అనవచ్చు. అది కొట్టిపారేయవలసిన మాట కాదు. అయితే భద్రతను ప్రతి దరఖాస్తుకూ ఎలాగూ తనిఖీ చేస్తున్నారు. ఒప్పంద కూలీలుగా తరలించబడినవారి సంతతికి దేశమేదైనా ఒకే లెక్క అని చట్టంలోనే రాస్తే సరిపోతుంది.

బర్మా తెలుగువాళ్ల బాధ ఇంకొకటి. 1942లో కాలినడకన, 1960లలో ఓడల్లో తిరిగి వచ్చినవారు వచ్చారు. అక్కడే ఉండిపోయినవారిలో ఎందరికో 1982 నాటి ఆ దేశపు చట్టం పూర్తి పౌరసత్వం ఇవ్వలేదు. ఓసీఐకి వేరే దేశపు పాస్‌పోర్టు తప్పనిసరి. ఏ దేశమూ తనవాడనని మనిషికి ఏడు తరాల మినహాయింపు ఇచ్చినా ఉపయోగం లేదు.

మన లైన్ల కాగితాలు

మారిషస్‌వారికి మనకు లేని ఒక వసతి ఉంది. ఓడ దిగిన ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు రాసిన రిజిస్టర్లను అక్కడి మహాత్మా గాంధీ సంస్థ భద్రపరిచింది. ఆనాడు కూలీని లెక్కపెట్టడానికి రాసిన పుస్తకమే ఈనాడు మునిమనవడికి ఆధారమైంది.

మన సంగతి చూడండి. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు పల్లెల నుంచి గనికి వచ్చిన తాతలకు కంపెనీ లైన్లలో ఇల్లు ఇచ్చింది. ఆ ఇల్లు కంపెనీది. కాబట్టి క్రయపత్రం లేదు, ఖాతా లేదు. పుట్టుక ఇంట్లోనే జరిగింది, నమోదు కాలేదు. మిగిలింది కంపెనీ సర్వీసు రికార్డు, బడి టీసీ, క్రైస్తవులైతే చర్చి రిజిస్టరు. ఇక్కడినుంచి బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవారు కార్డు కావాలంటే చూపవలసినవి కూడా ఇవే.

పేర్ల చిక్కు మరొకటి. మన ఊళ్లో ఇంటిపేరు రాయడం తక్కువ, తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా పెడతాం. గని రికార్డులో మునిస్వామి, టీసీలో ఎం. మునిసామి, కొడుకు అమెరికా పాస్‌పోర్టులో మునిస్వామి ఇంటిపేరైపోతుంది. గుమాస్తా పని చేసినవాడిగా చెబుతున్నాను: మనిషి ఒకడే అని మనకు తెలిస్తే చాలదు, కాగితం చెప్పాలి.

పాస్‌పోర్టు, జనన పత్రం లేకపోతే నివాస ధృవీకరణ, జన్మస్థల ధృవీకరణ పత్రాలను కూడా పరిశీలిస్తారు. అవి తాలూకా కచేరి ద్వారా రావాలి. ఇచ్చే అధికారికి చూపడానికి మళ్లీ పాత రికార్డే కావాలి. 1956లో గనులు ప్రభుత్వపరమై, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి. ఆ కంపెనీ సర్వీసు రికార్డులు ఇప్పుడు కేంద్ర గనుల శాఖ బాధ్యత. గని భూముల్ని ఏం చేయాలన్న చర్చ ఏళ్లుగా సాగుతోంది. ఈ రికార్డుల గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

పొలం మాట

ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో పొలం ఉన్న కుటుంబాలు ఒకటి గమనించాలి. 2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టం సవరించి, రైతు కానివారు కూడా పొలం కొనవచ్చన్నారు. ఇక ఎవరైనా కొనవచ్చని మనవాళ్లు అనుకుంటున్నారు. ఓసీఐ కార్డుదారులకు ఆ వీలు లేదు. కేంద్ర విదేశీ మారక చట్టం కింద వాళ్లు పొలం, తోట, ఫార్మ్‌హౌస్ కొనకూడదు, దానంగా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అమ్మితే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. విదేశీ పౌరుడైన కొడుకు పేరుకు బ్రతికుండగానే పహణి మార్చాలని చూసే పెద్దలు, ముందు వకీలును అడగండి.

జీవితకాలమే, షరతులతో

2025 ఆగస్టు నోటిఫికేషన్ ప్రకారం రెండేళ్లు లేదా అంతకు మించి జైలు శిక్ష పడినా, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరంలో ఛార్జిషీటు దాఖలైనా కార్డు రద్దు చేయవచ్చు. మొదటిదానిపై అభ్యంతరం ఉండదు. రెండోది ఆలోచించవలసినది. ఛార్జిషీటు అంటే పోలీసుల ఆరోపణ, కోర్టు తీర్పు కాదు. ఆస్తి తగాదాల్లో, కుటుంబ గొడవల్లో ఎలాంటి కేసులు పెడతారో మనకు తెలుసు. రద్దుకు ముందు వివరణ ఇచ్చుకునే అవకాశం చట్టంలో ఉంది. అయినా, తీర్పు వచ్చేదాకా ఆగడమే న్యాయం. పెళ్లి ద్వారా కార్డు పొందినవారికి విడాకులైతే కార్డు పోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

చేయవలసినవి

ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి మూడు. కూలీల సంతతికి అన్ని దేశాల్లో ఒకే తరాల లెక్క పెట్టాలి. గని, తోట, రైల్వే సర్వీసు రికార్డులను మూల రుజువుగా స్పష్టంగా అంగీకరించాలి. భారత్ గోల్డ్ మైన్స్ రికార్డులను డిజిటల్ చేసి, వారసులు అడిగితే నకలు ఇవ్వాలి.

మనం మన ఇళ్లలో చేసుకోవలసిన పని కూడా ఉంది. పాత ట్రంకుపెట్టెలు తెరవండి. సర్వీసు పుస్తకం, ప్రావిడెంట్ ఫండ్ చీటీ, గ్రాట్యుటీ కాగితం, బడి టీసీ ఏది దొరికినా పారేయకండి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫోటో తీసి పిల్లలకు పంపండి. పేర్లలో తేడాలుంటే పెద్దవాళ్లు బ్రతికుండగానే అఫిడవిట్ రాయించండి. విదేశీ పౌరులైన పిల్లలు ఎవరూ లేని ఇంటివారు కూడా ఈ పని చేయాలి. గని మూతపడ్డప్పుడు మనకు ఇచ్చిన డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. తాత ఈ ఊళ్లో భూమి కింద పనిచేశాడన్న రుజువు ఇంకా మిగిలి ఉన్న ఇళ్లు కొన్నే. ఆ కొన్ని కాగితాలు చెదలు పట్టకముందే బయటికి తీద్దాం.