గేదె ఎలా లేస్తుందో చూశారా?

పడుకున్న గేదె లేచేటప్పుడు ముందు కాళ్లు మొదట లేపుతుందా, వెనక కాళ్లు మొదట లేపుతుందా? రోజూ రెండు పూటలా పాలు పితికేవాళ్లు కూడా ఈ ప్రశ్నకి కాస్త ఆలోచనలో పడతారు. జవాబు వెనక కాళ్లు. ముందు మోకాళ్ల మీద బరువు ఆనించి, తల ఒక్కసారి ముందుకి విసిరి, వెనక భాగం పైకెత్తుతుంది. ఆ తర్వాత ముందు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి నిలబెడుతుంది. గుర్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముందు కాళ్లు చాచి, వాటి బలంతో లేస్తుంది.

వంటల పేజీల మధ్య ఈ గేదె గొడవ ఏమిటంటారా? మాటల కన్నా ఒంటితోనే ఎక్కువ కథ చెప్పే నాటకాలు ఉన్నాయి. వాటిలో నటించేవారికి ఇలా చూడటమే మొదటి పాఠం.

ఫ్రాన్సులో జాక్ లెకాక్ అని ఒకాయన ఉండేవారు. 1921లో పుట్టారు. మొదట వ్యాయామం నేర్పే మాస్టారు. 1956లో పారిస్‌లో నటన నేర్పే బడి పెట్టి, 1999లో పోయేదాకా దేశదేశాల పిల్లలకి నేర్పారు. ఆ బడిలో నీరు, నిప్పు, గాలి, మట్టి, చెట్లు, జంతువులు కూడా పాఠాలే. చేతులు రెండూ పైకెత్తి ‘నేను చెట్టుని’ అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. కదలిక ఎక్కడ పుడుతోంది, ఎక్కడ ఆగుతోంది, బరువు ఎటు ఒరుగుతోంది అన్నది పట్టుకోమనేవారు. పట్టుకున్నాక దాన్ని మనిషిలోకి తెమ్మనేవారు. నిప్పులా ఎగిసిపడిన నటుడు ఆ కదలికని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తే, చివరికి ఒక కోపిష్ఠి మనిషి తయారవుతాడు. మంట మాత్రం లోపల అలాగే ఉంటుంది.

ఎక్కడో పారిస్ సంగతి మనకెందుకు అనకండి. మనవాళ్లకి ఈ విద్య ఎప్పుడో తెలుసు. నందికేశ్వరుడి ‘అభినయ దర్పణం’ పది రకాల నడకలు చెబుతుంది. హంస, నెమలి, లేడి, ఏనుగు, గుర్రం, సింహం, పాము, కప్ప... ఇలా ఎనిమిది నడకలు జంతువులూ పక్షులవీ అయ్యాక, తొమ్మిదోది వీరుడి నడక, పదోది మనిషి నడక. మనిషిలా నడవడం ఆఖరున వచ్చింది చూడండి!

ఇంకో ఉదాహరణ గుంటూరు జిల్లాలోనే ఉంది. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో చేబ్రోలు తగులుతుంది. కాకతీయ గణపతిదేవుడి ఏనుగుల సేనకి నాయకుడైన జాయప సేనాని శాసనం ఆ ఊళ్లో ఉంది. ఆయన 1253-54 ప్రాంతంలో ‘నృత్త రత్నావళి’ అనే నాట్య గ్రంథం రాశాడు. ఏనుగుల మధ్య బతికిన సేనాపతికి అడుగులు, బరువులు, లయల మీద అంత ఆసక్తి కలగడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇక మన ఆడవాళ్ల సంగతికి వద్దాం. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారి పేరు మీ అమ్మమ్మలని అడగండి. సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారాగా ఆయన స్టేజీ మీదికి వస్తే ఆడవాళ్లే ముక్కున వేలేసుకునేవారట. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సురభి నాటక కుటుంబాల్లో స్త్రీలు వేషాలు వేసేవారు గానీ, మిగతా చోట్ల సంసారుల ఇళ్లలోని ఆడవాళ్లు స్టేజీ ఎక్కడం పెద్ద తప్పు అన్న రోజులవి. మరి ఆ పైట సర్దుకోవడం, ఆ ఓరచూపు, కోపం వచ్చినప్పుడు ఆ మెడ తిప్పడం ఎక్కడినుంచి వచ్చి ఉంటాయి? పేరు తెలియని ఎందరో తల్లుల నుంచి, వదినల నుంచి కాక! చూసినవాడికి కళ వచ్చింది, బిరుదు వచ్చింది. ఆయన ప్రతిభని తక్కువ చేయడం లేదు సుమా. చూపుకి ఎంత విలువ ఉందో చెబుతున్నాను.

మనకి చిన్నప్పటినుంచీ నేర్పింది వేరు. తల దించుకో, గట్టిగా అడుగు వేయకు, అటూ ఇటూ చూడకు! మనల్ని అందరూ చూస్తారు, మనం మాత్రం దేన్నీ తేరిపార చూడకూడదు. ఈ అలవాటు ఒంట్లో దిగబడిపోయి, నలభై ఏళ్లకే భుజాలు ముందుకి వంగిపోతున్నాయి. అందుకే అంటున్నాను, రోజుకి పది నిమిషాలు బయట నిలబడి ఏదో ఒకదాన్ని కళ్లు విప్పి చూడండి. పైసా ఖర్చు లేదు.

మన పత్తి, మిరప చేలల్లో చూడటానికి కరువా? దుక్కి దున్నుతుంటే వెనకాలే వచ్చే తెల్ల కొంగని చూడండి. పురుగుని పొడిచే ముందు మెడ అటూ ఇటూ ఊగుతుంది, తల మాత్రం కదలదు. గోడ మీద తొండ దండీలు తీస్తున్నట్టు తల ఎత్తి దించుతుంది, మధ్యలో బిగుసుకుపోతుంది. వాన కురిసిన నల్లరేగడిలో మీరే నాలుగడుగులు వేసి చూడండి. మట్టి కాలిని పట్టుకుంటుంది, మడమ ముందు ఊడుతుంది, వేళ్లు తర్వాత. ఆ బరువు నడకే స్టేజీ మీద అప్పుల్లో కూరుకుపోయిన రైతు నడక అవుతుంది. సంక్రాంతి దాటాక కల్లంలో కూర్చుని తాలు కాయలు ఏరే ఆడవాళ్ల చేతులు చూడండి. కన్ను కాయ మీద పడేలోపే వేళ్లు దాన్ని పక్కకి తోసేస్తాయి. ఆ వేగం ఏ డాన్సు మాస్టారూ నేర్పలేదు.

మీ పిల్లలకీ ఇది పనికొస్తుంది. స్కూలు యానివర్సరీలో మీ అమ్మాయికి చెట్టు వేషం ఇచ్చారనుకోండి. ‘అయ్యో, మాటలే లేవు’ అని పిల్లా మీరూ చిన్నబుచ్చుకోకండి. సాయంత్రం ఊరి చివర తుమ్మ చెట్టు దగ్గరికి తీసుకెళ్లండి. గాలి వస్తే ముందు కదిలేది చివరి ఆకులు, తర్వాత రెమ్మలు, ఆ తర్వాత కొమ్మలు. మొదలు కదలదు. అదే వరసలో ముందు వేళ్లు, తర్వాత మణికట్టు, మోచెయ్యి, భుజం కదిలించమనండి. పాదాలు నేలని గట్టిగా పట్టుకోవాలి. మర్నాడు స్టేజీ మీద కదలని అట్టముక్కలా కాక, నిజంగా చెట్టులా నిలబడుతుంది. అబ్బాయికి దసరాకి పులివేషం సరదా ఉందా? పులి కోసం నల్లమల వెళ్లక్కర్లేదు. పులి, పిల్లి ఒకే కుటుంబం. ఎలక కోసం కాచుకున్న పిల్లి భుజాలు ఎలా దించుతుందో, ఎంతసేపు ఊపిరి బిగబట్టినట్టు ఉంటుందో చూడమనండి. డప్పు తర్వాత సంగతి.

మీరు చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. పొద్దున్నే గానీ, ఎండ చల్లబడ్డాక గానీ చేయండి. కల్లం పక్కన వద్దు, మిరప ఘాటుకి కళ్లు మండుతాయి. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు, గర్భిణులు కింద కూర్చుని లేచేవి మానేసి, మెడ, చేతుల కదలికలే చేయండి. ఒక రోజు ఒక్కటే చూడాలి. మొదటి ఐదు నిమిషాలు చూడటమే, అనుకరించకూడదు. తర్వాత ఐదు నిమిషాలు పెరట్లో చేయండి. అత్తగారు ‘ఇదేం వేషం’ అంటే ఆవిడని కూడా పిలవండి. కొంగ నడక ఆవిడకి మీకంటే బాగా వచ్చినా రావచ్చు!

ఈ వారానికి కాకితో మొదలుపెట్టండి. రోజూ ముద్ద పెడుతూనే ఉంటాం. అది గెంతుతుందో, నడుస్తుందో, ఎప్పుడు ఏది చేస్తుందో సరిగ్గా చూసి మీ ఇంట్లోవాళ్లకి చేసి చూపించండి.